నలభై చాలు

తన భార్యను కంకర క్రషర్ నోట్లోకి దింపి చంపింది ఆమె తమ్ముడే. మోటార్ల మేస్త్రీకి ఇందులో రెండో మాట లేదు. ఏడాది తర్వాత ఆ బావమరిది, క్రషర్ యజమాని, అతని షెడ్డు గడప తొక్కాడు.

“కూర్చోమనను. వచ్చిన పని చెప్పు.”

“క్రషర్ మోటారు కాలిపోయింది బావా. కొత్తది ఎన్ని హార్స్‌పవర్‌ది తేవాలో ఈ చీటీ మీద రాసిస్తావని...”

“నలభై. పాతదీ నేను పెట్టించిన నలభైయే.”

“డెబ్బై అయిదు పెడదామని...”

“పెట్టు. గానుగకు ఏనుగును కట్టు. నీకు రాళ్ళు తెలుసేమో, మోటార్లు తెలీవు.”

“ఆడేటప్పుడు నలభై చాలు, కాదనను. నోటినిండా రాయి ఉండగా కరెంటు పోతే? మళ్ళీ లేవద్దూ?”

“నాకు పాఠం చెప్తున్నావా? ఆరేళ్ళు రోజూ పొద్దున్నే నా చేత్తో స్విచ్చి వేశాను. ఒక్కరోజైనా లేవనందా?”

“లేదు.”

“మరి?”

“అదే... పోనీ, అరవై రాయి.”

“ఎందుకు రాయాలి? నా లెక్క ఎక్కడ తప్పిందో చూపించు.”

“తప్పిందని నేనన్నానా?”

“అనలేవు. మీ అక్కను మింగావు, ఇప్పుడు నా పనితనం మింగడానికొచ్చావు. ఆ రోజు దాన్ని లోపలికి ఎందుకు దింపావురా?”

“నేను దింపలేదు.”

“ఇరుక్కున్న రాయి తీయమన్నావు. రాయి కదిలింది, కరెంటు లేకున్నా పెద్ద చక్రం తన బరువుకే తిరిగింది, నోరు మూసుకుంది. నువ్వు గట్టున నిలబడి చూశావు.”

“నేనింకా రానేలేదు బావా. అప్పటికి పొద్దున ఆరే అయింది.”

“ఆరింటికి దానికక్కడేం పని? కూలీలకు నీళ్ళు పట్టాలని కదా పోయేది?”

“వదిలెయ్. డెబ్బై అయిదు రాసియ్యి, పోతాను.”

“ఏం పనిరా?”

“రోజూ ఉండే పనే. సాయంత్రం కరెంటు పోతే నోరు నిండి ఉండేది. నీ నలభై దాన్ని లేపేది కాదు. నువ్వు ఎనిమిదింటికి వచ్చేలోగా అక్క గడ్డపారతో అంతా ఖాళీ చేసేది.”

“అబద్ధం.”

“పెద్ద మోటారు తెస్తానని మొదటి నెలలోనే అన్నాను. ఒట్టు వేయించుకుంది. ‘తన లెక్క తప్పిందని నలుగురికీ తెలిస్తే మీ బావ తట్టుకోలేడురా’ అంది.”

“చీటీ ఇటివ్వు.”

“నీకు చెప్పకూడదనే...”

“డెబ్బై అయిదు. తీసుకుపో. బిగించడానికి ఇంకొకణ్ణి పిలుచుకో. ఈ మాట ఇకమీద నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను.”