ఎడంకాలికి పని లేని కారు

హలో… ఆ, నేనే. నా ఫోన్ నేను కాక ఇంకెవరెత్తుతారు బావా?

లేదు, ఆయాసం కాదు. కారు కింద ఉన్నాను. ఆగు, బయటికి వస్తున్నా… ఆ. ఇప్పుడు చెప్పు.

ఎవరు చెప్పారు నీకు?

అనుకున్నా. పొద్దున్న అక్క చెవిలో వేశాను, మధ్యాహ్నానికి నీ దగ్గరికొచ్చింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

— అవును. తీసేశాను. గేర్‌బాక్సూ, క్లచ్చూ, రెండూ.

…

బావా? ఉన్నావా?

హమ్మయ్య. తిట్టు. నువ్వు తిడుతుంటే నాకు ధైర్యం. మాట్లాడకపోతేనే భయం.

— పారెయ్యలేదు. షెడ్డు మూల పెట్టి గోనెసంచి కప్పాను. నీ తోడల్లుడు రోజూ దాని మీద కూర్చునే టీ తాగుతున్నాడు. మా ఆయన బరువుకే చెక్కు చెదర్లేదంటే చూసుకో, ఎంత గట్టి గేర్‌బాక్సో.

— నిన్నడక్కపోవడమేంటి? నువ్వే అన్నావు. గోడని గుద్ది, ఎడంకాలికి కట్టుతో ఆస్పత్రి మంచం మీద పడుకుని, ‘ఆ డొక్కుని తూకానికి వేసెయ్’ అన్నావు. రెండేళ్లయింది. నేను వెయ్యలేదు. తాడు కట్టి మా ఇంటికి ఈడ్చుకొచ్చాను. తూకానికి వెయ్యమన్నవాడికి ఇప్పుడు గేర్‌బాక్స్ మీద హక్కేంటి?

… ఆ. అది ఒప్పుకుంటా. ఆ గేరు రాడ్డు మీదే నాకు డ్రైవింగు నేర్పావు. తప్పు గేరు వేసినప్పుడల్లా వేళ్ల మీద ఒకటి కొట్టేవాడివి.

— సరే, తట్టేవాడివి. మూడో గేరంటే నాకిప్పటికీ వేళ్లు ముడుచుకుంటాయి. నువ్వు ఎంత మెల్లగా తట్టావో దాన్నిబట్టి తెలుసుకో.

— అవును, ఆటోమేటిక్. సోమరిపోతుల బండి. ఇంకేమైనా పేర్లున్నాయా? అన్నీ ఒకేసారి చెప్పు, కాగితం మీద రాసుకుంటా.

— ఎందుకు కలవదు? నేను చేసే ఉద్యోగమేంటి, పొద్దస్తమానం పంపులకి డిజైన్ బొమ్మలు గీయడమే కదా. ఆ పాత ఇంజను బోల్టులు ఒకచోట, కొత్త గేర్‌బాక్స్ చిల్లులు ఇంకోచోట. మధ్యలో ఒక ఇనప పలక కావాలి, వియ్యంకుల మధ్య పెద్దమనిషిలా. అట్టముక్క మీద గీసి లేతు ఆయనకిచ్చాను, ఆయన కోసిచ్చాడు.

… లేదు. మొదటిది కలవలేదు.

— అట్టని తిరగేసి ఇచ్చాను. కుడి చిల్లులు ఎడమకొచ్చాయి. నవ్వు, నవ్వు. పదిహేనేళ్ల సర్వీసు నాది.

— అదీ కోయించాను. వెనక చక్రాలకి పోయే షాఫ్టు నాలుగంగుళాలు పొడుగయ్యింది. అదొక్కటీ మూడుసార్లు కొలిచాను.

— నడవకపోవడమేంటి? నిన్న సాయంత్రం నడిపాను. మా సందు చివరిదాకా వెళ్లి, మళ్లీ గేటు దాకా వచ్చాను.

ఎలా ఉందంటే… పరువు పోయింది. గేటు దగ్గర ఆపాలి కదా. అలవాటు కొద్దీ ఎడంకాలు క్లచ్ తొక్కింది. క్లచ్ ఎక్కడుంది? అక్కడిదాకా బ్రేకు పెడల్ని వెడల్పు చేసి పెట్టాను. కాలు పోయి దాని మీద పడింది, ఉన్న బలమంతా పెట్టి. కారు ఉన్నచోటే కొయ్యబారిపోయింది. వెనక సీట్లోని నీ తోడల్లుడు వచ్చి ముందు సీటుకి ముక్కు గుద్దుకున్నాడు. వంకాయంత అయింది ముక్కు. నాతో మాట్లాడట్లేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో.

… నవ్వావు. ఎన్నాళ్లయింది బావా నువ్వలా నవ్వి?

— అందుకే చెప్తున్నా. ఈ బండి నడపాలంటే ఎడంకాలు ఏ పనీ పెట్టుకోకుండా ఊరికే కూర్చోవాలి. అది నాకు రావట్లేదు. నువ్వైతే రెండేళ్లుగా సాధన చేస్తున్నావు.

…

ఎక్కువైందా? సరే, వెనక్కి తీసుకుంటున్నా. సగం.

— ఆదివారం రా.

— చూడ్డానికి కాదు. నడపడానికి పిలుస్తున్నా.

— ఏ కాలు? చీలమండలో రాడ్డు ఉన్నది ఎడమదాంట్లో కదా. కుడిది శుభ్రంగా ఉంది.

— వేడెక్కదు. ఆయిలు చల్లబడ్డానికి రేడియేటరు దాకా గొట్టం వేశాను.

— ఎత్తు కూడా ఎక్కుతుంది.

— వానా? వానకీ గేర్లకీ ఏం సంబంధం బావా?

…

ఒకటి అడగనా? క్లచ్ ఉన్నన్నాళ్లూ నీకు చెప్పుకోడానికి ఒక మాట ఉండేది. ‘ఈ కాలితో ఎలా నడపను’ అని. అది నేను పీకి పక్కన పెట్టాను. కోపం అందుకేనా?

… కట్ చెయ్యకు.

కట్ చెయ్యకు బావా. నీకొకటి చెప్పాలి. ఆరు నెలలుగా ఎవరికీ చెప్పలేదు.

బ్రేకులు విప్పాను. నాలుగు చక్రాలవీ. బ్రేకు ఫెయిలైందన్నావు కదా, మొట్టమొదట అవే విప్పాను. గొట్టాలు పొడిగా ఉన్నాయి. ఆయిలు నిండుగా ఉంది. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు.

…

లేదు. అక్కకి చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు.

… చెప్పు. వింటున్నా.

ఊఁ.

పల్లంలో… సైకిలు అడ్డమొచ్చింది. ఊఁ. అతన్ని తప్పించావు.

ఎడంకాలా?

… అంటే అదే బ్రేకు అనుకుని క్లచ్ తొక్కావు. తొక్కేకొద్దీ బండి ఇంకా తేలిగ్గా జారింది… గోడ దాకా తొక్కుతూనే ఉన్నావు. అందుకేనా చీలమండ అలా నుజ్జయింది.

— అవును. ముప్ఫై ఏళ్లు నడిపినవాడివి. నీకదే మింగుడు పడలేదు. కాలి నొప్పి కన్నా అదే ఎక్కువ.

…

బావా, నిన్న గేటు దగ్గర నేను చేసిందేంటి? నువ్వు విని నవ్విందేంటి? కంగారులో నేనూ ఎడంకాలే తొక్కాను. నీ కాలి కింద క్లచ్ ఉంది, నా కాలి కింద బ్రేకు ఉంది. ఇప్పుడా బండిలో ఏ కాలు భయపడి తొక్కినా ఆగుతుంది. ఒక్క ముక్కు తప్ప ఎవరికేమయింది చెప్పు.

… ఏడుస్తున్నావా?

జలుబా. సరే, జలుబే.

— అక్క ఏమంటుందో నాకేం తెలుసు? నేను మాత్రం చెప్పను. ఆవేళ నీ పక్క సీట్లో కూర్చున్నది తను. ‘పాపం, బ్రేకు పోయింది’ అని వచ్చినవాళ్లందరికీ చెప్తున్నది తను. నిన్ను వెనకేసుకొచ్చి, నీ బండి బ్రేకులు చూసే ఆ మెకానిక్కుని నడివీధిలో కడిగిపారేసింది. అతను ఎదురుపడితే నేను తల దించుకుని పోతున్నా, ఈ ఆరు నెలలూ.

… తెలుసు. నీకూ గుర్తుంటాడని తెలుసు.

— ఇప్పుడే చెప్పేస్తావా?

అక్క ఎక్కడుంది? వంటింట్లోనా. చేతిలో ఏముంది?

ఊరికే అడిగా. కత్తిపీట అయితే కాసేపాగి వెళ్లు.

… సరే. వెళ్లు బావా.

…

బావా, నువ్వు ఫోన్ కట్ చెయ్యలేదు.

బావా? బల్ల మీద పెట్టేసి వెళ్లావు. నాకన్నీ వినిపిస్తున్నాయి.

…

పేరు పెట్టి పిలుస్తున్నాడే. ఎప్పుడూ ‘ఏమోయ్’ తప్ప…

…

అక్క కుళాయి కట్టేసింది.

… మొదలుపెట్టాడు.

ఇంక చాలు. ఇది నేను వినాల్సింది కాదు. పెట్టేస్తున్నా బావా.