నిలబడు వదినా, గెలవకు

(మధ్యాహ్నం నాలుగు గంటలు. ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్. దాని యజమాని, వార్డు కౌన్సిలర్ పదవికి నామినేషన్ వేసిన అతని వదిన.)

“మెషీన్ మొరాయించింది వదినా. రోలరు.”

“పొద్దున ఫోన్లో కరెంటు లేదన్నావు.”

“కరెంటు వచ్చింది. వచ్చాక రోలరు మొరాయించింది.”

“మరి లోపల టకటకా ఆడుతున్నదేంటి?”

“అదా? అవి శుభలేఖలు. ఎవరిదో పెళ్ళి.”

“రోలరు పాడైతే నా కరపత్రాలే ఆగాయి కానీ వాళ్ళ పెళ్ళి ఆగలేదా?”

“అది వేరే మెషీను వదినా.”

“నీకున్నదే ఒక్కటి. అది దింపిన రోజు లారీ వెనక నిలబడి ‘మెల్లగా, మెల్లగా’ అని అరిచింది నేనే.”

“అసలు నీ కరపత్రం చదివాను వదినా. మొదటి నుంచి చివరి దాకా ఒక్క అబద్ధం కూడా లేదు.”

“అయితే?”

“ఎన్నికలకి అలా ఎవరైనా వేస్తారా? జనం అనుమానపడతారు.”

“ఆ మాట తర్వాత. నేనొచ్చింది నీతో గొడవకి కాదు.”

“ఎండలో వచ్చావు. ముందు మంచినీళ్ళు తాగు.”

“వింటావా? ఆ కరపత్రాల సంగతే. ఇందాక...”

“చెప్పేశారా? ఎవరు చెప్పారు? ఆ కుట్టుమెషీన్ పిన్నేనా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు!”

“ఏం చెప్పారు?”

“అంటే చెప్పలేదా?”

“లేదు. ఇప్పుడు నువ్వు చెబుతున్నావు.”

“నేనేం చెప్పడం లేదు.”

“చిన్నోడా.”

“ఊఁ.”

“ఆ కాగితాలు సర్దడం ఆపి ఇటు చూడు.”

“నిన్న సాయంత్రం వీధి కమిటీ మీటింగు పెట్టుకున్నాం.”

“నన్ను పిలవకుండానా?”

“నీ గురించే కదా మీటింగు. నిన్నెలా పిలుస్తాం?”

“ఏం తేల్చారు?”

“ముందొక మాట చెప్పాలి. వీధిలో నీ అంత మనిషి లేదని అందరూ ఒప్పుకున్నారు. పన్నెండేళ్ళ నుంచి వార్డు కోసం ఒంటిచేత్తో అర్జీలు రాస్తూ, ఎండనక వాననక ఆఫీసుల చుట్టూ...”

“పొగడ్త అయిందిగా. ఇక కత్తి తియ్యి.”

“కత్తి కాదు వదినా. మన కౌన్సిలరు రిబ్బన్‌బాబునే చూడు. నువ్వు నిలబడతానన్న రోజు నుంచీ ఆయన పడుకున్నాడా? ఐదేళ్ళూ మొద్దునిద్ర పోయిన మనిషి, పదిహేను రోజుల్లో వీధిలైట్లన్నీ వెలిగించాడు. మ్యాన్‌హోళ్ళకి మూతలు పెట్టించాడు. బస్టాపుకి రేకు వేయించాడు.”

“బల్బుకో రిబ్బను, మూతకో రిబ్బను. చూశాను. ఏడో స్తంభం బల్బు వెలక్కపోతే చీకట్లోనే చప్పట్లు కొట్టించుకున్నాడు.”

“మర్నాడు వెలిగిందిగా! మాక్కావలసింది వెలుగు వదినా. రిబ్బను ఎవరు కత్తిరిస్తే ఏం?”

“అవన్నీ నా అర్జీల్లో ఉన్నవే.”

“వరస కూడా మార్చలేదు. నీ అర్జీ ముందు పెట్టుకునే చేయిస్తున్నాడు. అదే అంటున్నా... అదుగో, మాస్టారొచ్చారు! రండి, రండి. కమిటీ అధ్యక్షులు మీరు, మీరే చెప్పండి.”

“ఎవరూ... ఓ, మీరా అమ్మా! నేను మళ్ళీ వస్తానులే బాబూ. కళ్ళజోడు మర్చిపోయాను.”

“ముక్కు మీదే ఉంది మాస్టారూ. కూర్చోండి. ముప్ఫై ఏళ్ళు ఒక్క పిల్లాణ్ణి బళ్ళోంచి పారిపోనివ్వలేదు మీరు. మీరే పారిపోతే ఎలా?”

“పారిపోవడం కాదమ్మా. విషయం కాస్త సున్నితమైనది. కమిటీ అన్ని కోణాల నుంచీ ఆలోచించింది. మీరు నిలబడటం ఈ వార్డుకి ఎంతో అవసరం.”

“సంతోషం.”

“గెలవడమే... అంత అవసరం కాదు.”

“ఏమిటీ?”

“నిలబడు వదినా, గెలవకు. అదీ తేల్చింది. హమ్మయ్య, చెప్పేశాను.”

“మాస్టారూ, వీడేమంటున్నాడు?”

“చూడండమ్మా. బండికి ఎద్దు కావాలి. ఎద్దుకి ముల్లుగర్ర కావాలి. ముల్లుగర్ర బాగా పనిచేస్తోంది కదా అని దాన్నే కాడికి కడతామా?”

“అంటే నేను ముల్లుగర్రని.”

“మంచి ముల్లుగర్ర అమ్మా! వార్డు మొత్తం మీద అలాంటిది ఇంకోటి లేదు.”

“రిబ్బన్‌బాబు ఎద్దు.”

“ఆయన సంగతి మాకు తెలియక కాదు. పొడిస్తేనే కదులుతాడు. మీరు కుర్చీలో కూర్చుంటే ఇక పొడిచేదెవరు? అర్జీ రాసేదెవరు?”

“మీరు రాయొచ్చుగా. వీధిలో మీకన్నా చదువుకున్నవాళ్ళెవరు?”

“నాకు మోకాళ్ళ నొప్పులమ్మా.”

“అర్జీ మోకాళ్ళతో రాస్తారా?”

“రాశాక ఆఫీసు మెట్లెక్కాలి కదా. మూడంతస్తులు.”

“నేనెక్కలేదా?”

“నీకు అలవాటైపోయింది కదా వదినా.”

“ఓహో.”

“తప్పుగా అనలేదు. నిజంగానే...”

“తెలుసులే. మరి ఓట్లన్నీ ఆయనకేనా?”

“అన్నీ కాదమ్మా, అంత అన్యాయమా? మీకు నాలుగొందలు వేయిస్తాం. అంతకన్నా తగ్గితే ఆయనకి భయం పోతుంది. పెరిగితే మీరు గెలిచే ప్రమాదం ఉంది, అందుకే కరపత్రాలు ఆపించాం. కూర్చుని లెక్కవేశాం. చాలా గౌరవంగా ఓడిపోతారు.”

“ఈ తీర్మానానికి ఎంతమంది చేతులెత్తారు?”

“ఇప్పుడవన్నీ ఎందుకులే వదినా.”

“ఎంతమంది?”

“వచ్చినవాళ్ళందరూ.”

“మీ అన్నయ్య వచ్చాడా?”

“నువ్వు నీళ్ళు తాగనే లేదు.”

“చిన్నోడా, మీ అన్నయ్య వచ్చాడా?”

“వచ్చాడు. వెనక బల్ల మీద కూర్చున్నాడు.”

“చెయ్యెత్తాడా?”

“వెంటనే ఎత్తలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు...”

“ఎత్తాడా, లేదా?”

“ఎత్తాడు. భుజం దాకా. అంతే.”

“మూత లేని మ్యాన్‌హోల్లో పడి కాలు విరగ్గొట్టుకున్నది ఎవరు మాస్టారూ? ఆ మనిషే. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని, మందుల చీటీ వెనక రాశాను మొదటి అర్జీ. ఆ కాలు ఇప్పటికీ ఈడుస్తూ నడుస్తాడు. దాన్ని ఈడ్చుకుంటూ వచ్చి మరీ నా మీద చెయ్యెత్తాడా?”

“నీ మీద కోపంతో కాదు వదినా. గెలిస్తే నువ్వసలు ఇంట్లో కనబడవని బెంగ.”

“ఇప్పుడు కనబడుతున్నానా?”

“అదే అన్నాడు.”

“ఏది, ఆ నీళ్ళు ఇటివ్వు.”

“కోపం తెచ్చుకోకండమ్మా. మీకు కోపం వస్తే పని చెడుతుంది. పోలింగుకి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఈలోగా ఆ మురుగుకాలవ మీద వంతెన కూడా ఆయన చేత వేయించెయ్యాలి. పిల్లలు ఆ ఒంటిదుంగ మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బడికి వెళ్తున్నారు.”

“అది నేను పన్నెండేళ్ళ నుంచీ చెబుతున్న మాటే.”

“అందుకే మీ నోటితో ఇంకొక్కసారి చెప్పాలి! రేపు పెద్ద ఊరేగింపు తియ్యండి. మీరే గెలుస్తారన్నట్టు కనబడాలి. అప్పుడు ఆయన హడలిపోయి వారంలో వంతెన లేపుతాడు.”

“ఊరేగింపుకి ఎవరొస్తారు?”

“అందరం వస్తాం! ఓటంటే ఆలోచించాలి కానీ, నడవడానికేముంది?”

“మీ మోకాళ్ళో?”

“చదునైన రోడ్డే కదమ్మా. మొన్ననే వేశాడు.”

“వంతెన ఆయన వెయ్యడు మాస్టారూ.”

“వేస్తాడమ్మా. మీరు గట్టిగా పొడిస్తే...”

“నేను మన వార్డులో ఉన్న ఆయన ఇంటికి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీలు పంపేదాన్ని, గుర్తుందా చిన్నోడా?”

“ఎందుకు లేదు? కవర్లు నా దగ్గరేగా తీసుకెళ్ళేదానివి. ఒక్కదానికీ జవాబు వచ్చిన పాపాన పోలేదు.”

“జవాబు రాలేదు. కవర్లే తిరిగొచ్చాయి. ‘ఈ చిరునామాలో లేరు’ అని రాసి పోస్టుమ్యాన్ పదిహేడు కవర్లు నా చేతిలో పెట్టాడు. ఆయన నాలుగేళ్ళ కిందటే చెరువవతల కొత్త మేడకి మారిపోయాడుగా.”

“ఆ సంగతి అందరికీ తెలిసిందేగా అమ్మా.”

“అందరికీ తెలుసు. కాగితం మీద రాసిచ్చింది మాత్రం పోస్టుమ్యాన్ ఒక్కడే. వార్డులో కాపురం లేనివాడు ఆ వార్డుకి నిలబడకూడదని రూలు. ఇవాళే నామినేషన్ల పరిశీలన. ఆ పదిహేడు కవర్లూ తీసుకెళ్ళి ఎన్నికల అధికారి బల్ల మీద పేర్చాను.”

“పేర్చితే?”

“ఒక ఆఫీసరు నా కాగితాలు చివరిదాకా చదవడం ఈ జన్మలో మొదటిసారి చూశాను. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాడు.”

“ఆ తర్వాత?”

“రిబ్బన్‌బాబు నామినేషన్ కొట్టేశాడు.”

“కొట్టేశాడా! వదినా... ఆయనకి భయపడి ఇంకెవ్వరూ వెయ్యలేదు కదా. ఉన్నదే మీరిద్దరూ!”

“అవును.”

“అమ్మా... మేం ఏదో మీ ఆరోగ్యం దృష్టిలో పెట్టుకుని... ఆ తీర్మానం ఇప్పుడే చింపేస్తాను. నాలుగొందలేంటి, వీధి వీధంతా మీకే వేయిస్తాను. నాదే మొదటి ఓటు!”

“మీ ఓట్లు మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి మాస్టారూ. నేను గంట కిందటే గెలిచాను.”