మునగకాయల కట్ట

గుడిసె ఖాళీ చెయ్యమని వచ్చిన నోటీసు కాగితం కొంగున ముడేసుకుని, చంకలో పసిపిల్లతో గుణదల ప్లీడరుగారి అరుగు ముందు నిలబడింది ఆమె. ఆయన అడిగేదేదీ ఆమెకు అంతుపట్టడం లేదు.

“ఆ స్థలంలో గుడిసేసి పన్నెండేళ్లు దాటిందా?”

“దాటిందండీ. మా ఆయన నిక్కర్లేసుకునే రోజుల్లో వేశారంట.”

“మంచిది. స్థలం గలాయన్ని అడక్కుండానే వేశారా?”

“అయ్యో, అడిగే వేసుంటారండీ. దొంగలమా ఏంటి?”

“నువ్వు చూశావా?”

“నేనప్పటికి కాపరానికి రాలేదండీ. మా అత్తగారు కూడా పోయింది.”

“అయితే ఆ సంగతి నీకు తెలీదు, అంతే చెప్పు. చూడమ్మా, అడిగి ఉంటే ఎన్నేళ్లున్నా ఆయన దయ మీద ఉన్నట్టే. ఎవర్నీ అడక్కుండా, ఇది మాదే అని నలుగురి ఎదటా ఉంటేనే అది మీదయ్యేది.”

“అంటే... దబాయించినోళ్లకి ఇల్లు, మర్యాదగా ఉన్నోళ్లకి వీధా అండీ?”

“చట్టం అట్లా ఉంది, నేనేం చెయ్యను? ఆయనకి అద్దె ఏమన్నా ఇచ్చారా?”

“అద్దె లేదండీ. మునగచెట్టు మొదటి కాపు మాత్రం కొండ మీది మరియమ్మ తల్లికి సగం, ఆయనకి సగం. అత్తగారు పెట్టిన ఆనవాయితీ.”

“అదెప్పుడో మానేసుంటారు గదా?”

ఆమె బిడ్డను రెండో చంకకు మార్చుకుంది.

“జాలిపడతాడని పొద్దున్నే పెద్ద కట్ట కట్టి ఇచ్చొచ్చానండీ. మీ స్థలంలో కాసినయ్యేనండీ అని చెప్పి మరీ ఇచ్చాను.”