చిన్న చక్రం

రీలు లేని కెమెరాతో ఉత్తుత్తినే ఫొటో తీశానని వదినకు తెలుసా? ఫొటోగ్రాఫర్‌ను ఏళ్లుగా తొలిచేస్తున్న అనుమానం ఇదే. ఇవాళ ఆ పాత కెమెరాలో రీలు వేసుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

“కూర్చో వదినా, ఫొటో తీస్తాను.”

“జుట్టు నల్లగా ఉన్నప్పుడు తీశావుగా, చాల్లేవయ్యా!”

“అది కడిగేటప్పుడు పాడైందని చెప్పాను కదా...”

“లోపల రీలుంటే, మీట లాగగానే ఎడమపక్క చిన్న చక్రం తిరుగుతుందని మీ అన్న చెప్పారు. ఆ రోజు తిరగలేదు.”

అతను కెమెరా కిందికి దించాడు. “తెలిసీ అంత చక్కగా నవ్వావా?”

“నవ్వకపోతే నువ్వు చిన్నబోవూ? పెళ్లివారి ఫొటోల కోసం రీలు దాచుకున్నావు కదా!”

“ఒక్క ఫొటోకి ఏమయ్యేది వదినా? దేవుడి ముందు కూడా ఈ మాట ఒప్పుకోలేకపోయాను.”

“సర్లే, ముందు మీట లాగు, చూడనీ.”

లాగాడు. చక్రం తిరిగింది.

నెరిసిన జుట్టు సర్దుకుని, వదిన అప్పటిలాగే నవ్వింది.

“ఊఁ, ఇప్పుడు నొక్కు.”