మీటరు ముల్లు

వంటింటి బల్ల మీద వైర్లు, టేపు, విప్పేసిన గుండ్రటి మీటరు. బల్లకి చెరోపక్క భార్యాభర్తలు. తలుపు తీసే ఉన్న ముందు గదిలో అతని తండ్రి.

“మూడోసారి అడుగుతున్నా. ఇవి తీస్తారా, కంచాలు నేలమీద పెట్టమంటారా?”

“పెట్టు. నేలమీదే తింటాం.”

“మావయ్య మోకాళ్లు వంగవు. అది కూడా ఆ మీటరే చెప్పాలా మీకు?”

“మళ్లీ మొదలెట్టావా.”

“ఆపిందెప్పుడు? మీరు బ్రెడ్డు వ్యాను తాళం లాక్కున్నప్పట్నుంచీ ఆయన అన్నం కెలికి లేచిపోతున్నారు.”

“లాక్కోలేదు. అడిగి తీసుకున్నా.”

“‘నీ చేతిలో పడితే ఇంజన్ ఉడికిపోతోంది నాన్నా’ అన్నారు. దాన్ని అడగడం అంటారా?”

“ఉన్నమాటే అన్నా. వేడెక్కి ఇంజన్ పట్టేసి బండి ఎన్నాళ్లు షెడ్డులో పడుందో మర్చిపోయావా? అందుకేగా సెన్సార్ పెట్టి, ఈ మీటరుకి వైరు లాగి, వేడంతా ఫోన్‌లో రికార్డయ్యేలా చేసుకుంది.”

“నాకు జ్వరమొస్తే ఏనాడైనా ఇన్నిసార్లు వేడి చూశారా?”

“నీ వేడి చూడ్డానికి మీటరెందుకు, మాట వింటే చాలు. ఇదిగో, ఫోన్‌లో ఈ గీత చూడు, నాన్న దగ్గర తాళం తీసుకోకముందుది. పొద్దున నేను షాపులకి బ్రెడ్డు వేసొచ్చినప్పుడు తిన్నగా ఉంది. మధ్యాహ్నం ట్రిప్పుకి నాన్న ఎక్కగానే పైకి లేచింది. రోజూ ఇంతే. గేరు మార్చకుండా ఈడ్చేవాడు.”

“మరి ఇవాళ ఎవరూ నడపకుండానే ఎందుకు లేచింది?”

“ఏది?”

“మీ ముల్లు. పొద్దున బ్రెడ్డు పొడి ఊడ్చేద్దామని బండెక్కాను. లోపల సరిగ్గా కనబడక తాళం తిప్పి ఏదో నొక్కా. ముందు లైట్లు వెలిగాయి. ఇంజన్ స్టార్టే చెయ్యలేదు, చల్లగా ఉంది. ముల్లు మాత్రం టక్కున లేచింది.”

“మళ్లీ చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పాలి. లైట్లు వేస్తే లేస్తోంది, ఆర్పితే దిగుతోంది.”

“ఎర్త్.”

“ఏంటది?”

“మీటరు ఎర్త్ వైరు స్టీరింగ్ కింద బండి బాడీకి బిగించా. సెన్సార్ ఎర్త్ ఇంజన్ మీదుంది. రెండూ ఒకచోటే బిగించాలి. లేకపోతే లైట్ల కరెంటు కూడా కలిసి, అవి వేసినప్పుడల్లా ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నాకు తెలుసు. తెలిసీ, ఇంజన్ దాకా వైరు చాల్లేదని...”

“అంటే ఇంజన్ వేడెక్కలేదు.”

“లేదు.”

“మావయ్య ఏమీ చెయ్యలేదు.”

“లేదంటున్నాగా.”

“అయితే లేవండి. తాళం ఆయన చేతిలో పెట్టి ఆ ముక్క చెప్పిరండి. ఈలోగా బల్ల తుడుస్తా.”

“వెళ్తా. ఆగు.”

“ఇంకా ఆగేదేముంది?”

“నాన్న బండి తీసుకెళ్లేది మధ్యాహ్నం కదా. ఎండలో. చీకటి పడకముందే ఇంటికొచ్చేసేవాడు.”

“అయితే?”

“తను బయల్దేరగానే గీత లేచేది. ఇంటికొచ్చి బండి ఆపేదాకా దిగేది కాదు. పట్టపగలు లైట్లెందుకు వేసేవాడు?”

“పోనీండి. చెయ్యి తగిలి వెలిగుంటాయి.”

“రోజూనా?”

“రోజూ తగిలేదేమో, నాకేం తెలుసు. ముందీ వైర్లు తీయండి, అన్నం చల్లారిపోతోంది.”

“నీకు తెలుసు. మొన్న కంచంలో కూర ఎటుందో, చారు ఎటుందో చెప్పి మరీ వడ్డించావు నాన్నకి.”

“మెల్లగా. ఆయన వింటారు.”

“వింటూనే ఉన్నానమ్మాయ్. చెవులు బాగానే పనిచేస్తున్నాయి.”

“మావయ్యా, మీరు లేవకండి. కంచం అక్కడికే తెస్తా.”

“వద్దమ్మా, బల్ల దగ్గరే తింటాను. ఒరేయ్, ఆ వైరు సరిగ్గా బిగించుకో. తాళం మాత్రం నీ దగ్గరే ఉంచు. ఇకమీదట మధ్యాహ్నం ట్రిప్పు కూడా నువ్వే చూసుకో.”

“నాన్నా, తప్పు నాది. ఇంజన్‌కి ఏమీ కాలేదు.”

“ఏమీ కాలేదని నాకు ముందే తెలుసురా. అయినా నువ్వడగ్గానే మారుమాట లేకుండా తాళం ఇచ్చేశాను కదా. లైట్లు నేనే వేసుకునేవాణ్ణి. ఎదుటివాళ్లు నాకు కనబడకపోయినా, వాళ్లకి నేను కనబడాలి కదా.”