మఫ్లరు చాటున జముకు

భానోజీ అని విశాఖపట్నంలో ఒకడుండేవాడు, కళ్ళజోళ్ళ షాపు వాడిది. పుట్టిందీ పెరిగిందీ పట్నమే, వరిచేను రైలు కిటికీలోంచి చూశాడే తప్ప గట్టు మీద కాలు పెట్టి ఎరగడు. అలాంటివాడికి, జముకు అనే తీగ వాయిద్యం మీటుతూ తెల్లార్లూ చెప్పే మన జముకుల కథంటే పిచ్చి పట్టిందంటే నమ్ముతారా? ఏమైందంటే, ఒకసారి ఎస్.కోట అవతల వాడెక్కిన బస్సు ఆగిపోయిందంట. ఎందుకాగింది అంటే నేను చెప్పలేను, మన బస్సులు ఆగడానికి కారణం కావాలా! పక్క ఊళ్ళో అమ్మవారి పండగ. జముకు జుమ్ జుమ్మంటోంది. బస్సు బాగయ్యేదాకా చూసొద్దామని వెళ్ళాడు. బస్సు బాగయ్యింది, వెళ్ళిపోయింది కూడా, వీడు మాత్రం కదల్లేదు. కథంతా ఫోన్లో పట్టుకుని తెల్లారేక పట్నం చేరాడు.

తెచ్చాడు సరే, వినడమెక్కడ? షాపులో బేరాలు. ఇంట్లో మామగారు. ఆ మామగారెవరనుకున్నారు, కూర్మారావు మాస్టారు, సంగీతం మాస్టారు, పేరున్న మనిషి. పెళ్ళాం పోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. తెల్లారితే తంబురా, పొద్దుపోతే తంబురా. డప్పూ జముకూ అంటే చాలు, “అది పాటా? పొలంలో పిట్టల్ని తోలుకునే అరుపు” అంటాడంట. నేను కాలేజీలో చదివే రోజుల్లో మా హాస్టలు వార్డెనుకీ హార్మోనియం అంటే ఇదే మంట, ఎక్కడ వినబడినా కర్ర పట్టుకుని బయల్దేరేవాడు. ఆయన గోల మనకెందుకులే. భానోజీ ఆలోచించాడు, ఆలోచించి ఎక్కడ వినడం మొదలెట్టాడో తెలుసా? మామగారి కచేరీలోనే! మొదటి వరసలో కూర్చుని, ఇప్పుడొస్తున్నాయి చూడండి, దారం కూడా లేని చెవి మిషన్లు, అదొకటి చెవిలో పెట్టుకుని, పైనుంచి మఫ్లరు చుట్టేవాడంట. ఏసీ చలి అనేవాడు. పైన మామగారి ఆలాపన, మఫ్లరు లోపల జముకు.

ఆ కథేమిటంటే, పైడమ్మ అనే పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని వరదలో ఏరు దాటుతూ ఉంటుంది. నీళ్ళు మెడదాకా వచ్చాక కథ చెప్పేవాడు ఆపి, “ఉందా తల్లీ, ఉందా?” అని అడుగుతాడు. “ఉన్నాదే తల్లీ, ఉన్నాదే!” అని వంతవాడు అందుకోవాలి. అందుకోకపోతే ఆ పిల్ల నీళ్ళల్లోనే ఉండిపోతుందని మనవాళ్ళ నమ్మకం కదా. వంతవాడికి దగ్గొస్తే వినేవాళ్ళలో ఎవరో ఒకరు అందుకుంటారు. కానీ భానోజీ పట్టుకున్న పాటలో సరిగ్గా అక్కడే వంతవాడికి దగ్గొచ్చింది, జనమేమో నిద్రలో ఉన్నారు. అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ భానోజీ లోలోపలే వంత అందుకుని, కళ్ళంట నీళ్ళు కారుస్తూ కూర్చునేవాడు.

పైన పాడే ఆయన ఏమనుకుంటాడు చెప్పండి? తన పాటకే అనుకున్నాడు పాపం. “ముప్పై ఏళ్ళు పాడాను, నా పాటకి కన్నీళ్ళు పెట్టినవాడు మా అల్లుడొక్కడే” అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకునేవాడు. పెళ్ళాం పోయిన మనిషి, ఆ ఒక్క మాట మీదే ముసలాయనకి మళ్ళీ రంగొచ్చింది. ఇంక భానోజీ ఎలా చెప్తాడు? చెప్తే ఆయన గుండె పగులుతుంది. చెప్పకపోతే వీడి గుండె గుబగుబ.

చివరికేమైంది, ఒకనాడు కచేరీలో మాస్టారు సన్నగా, దారం తీసినట్టు ఆలాపన తీస్తున్నాడు. హాలంతా నిశ్శబ్దం. చెవిలో పైడమ్మ మెడదాకా మునిగింది. ఉందా తల్లీ, ఉందా? వంతవాడు దగ్గాడు. ఆ పూట వీడి నోరు ఊరుకోలేదంట. “ఉన్నాదే తల్లీ, ఉన్నాదే!” అని హాలు దద్దరిల్లేలా అందుకున్నాడు.

ఫిడేలాయన కమాను గాల్లోనే ఆగిపోయింది. మాస్టారు కిందకి దిగొచ్చి మఫ్లరు లాగి, ఆ చెవి మిషను తీసి తన చెవిలో పెట్టుకున్నాడు. కాసేపు విన్నాడు. దాన్ని తీసి అల్లుడి చేతిలో పెట్టి, మళ్ళీ పైకెక్కి కచేరీ పూర్తి చేశాడు. గొంతు మాత్రం గొంతులా లేదంట.

ఇంటికి రాగానే మాస్టారు తంబురాకి గలీబు తొడిగేశాడు. వనజాక్షి, అదే భానోజీ పెళ్ళాం, మొగుడికి కంచం పెడుతూ, “ఏడుపు కూడా బయట్నించి తెచ్చుకున్నారా? మా నాన్న పాటకి ఒక్క బొట్టు కూడా రాలేదా మీకు?” అని దులిపేసిందంట. అన్నం సగంలో వదిలేసి వాడు మామగారి గదిలోకెళ్ళాడు.

“మావయ్యగారూ, తప్పయిపోయింది.”

“తప్పు సంగతి తర్వాత. నిజం చెప్పు అల్లుడూ, నా పాటకి ఎప్పుడైనా ఏడ్చావా?”

“లేదండి.”

“ఒక్కసారి కూడా?”

“లేదండి మావయ్యగారూ.”

ముసలాయన అప్పుడడిగాడు కదా, “ఆ పిల్ల ఒడ్డుకి చేరిందా?” అని! కథ సగంలో ఆపేశావు కదరా అన్నంత కోపంగా అడిగాడంట. భానోజీ ఫోను తీసి మంచం మీద పెట్టాడు. ఇద్దరూ కూర్చుని కథంతా విన్నారు. వంతవాడు దగ్గినచోట భానోజీ నోరు తెరిచేలోపల మాస్టారే అందుకున్నాడంట, తన ఆలాపన గొంతుతో. పైడమ్మ ఒడ్డెక్కేసరికి ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “ఈ అద్దాలు సరిగా లేవోయ్, మార్చు” అన్నాడు. అద్దాలకేం, భానోజీ షాపువే!

తర్వాత ఆయన ఒక షరతు పెట్టాడు. “వచ్చే కచేరీకి చెవులు ఖాళీగా పెట్టుకుని రా. ఉత్తుత్తి ఏడుపు ఏడిచావో, ఇంట్లోకి రానివ్వను.” భానోజీ వెళ్ళాడు. మఫ్లరు లేదు, మిషను లేదు. మొదటి వరసలో కూర్చున్నాడు, బుద్ధిగా విన్నాడు, మొదటి పాట అయ్యేసరికి తల భుజం మీద వాలిపోయింది. హాయిగా, చిన్నగా గురక. జనం అటు చూసి ఇటు చూస్తున్నారు. మాస్టారూ చూశాడు. పాట ఆపకుండానే మృదంగం ఆయనవైపు వంగి, “కాస్త మెల్లిగా వాయించవయ్యా, మా అల్లుడు పడుకున్నాడు” అన్నాడంట.

అదీ సంగతి. ఇందాకట్నించీ మీలోనూ కొందరు కళ్ళు మూసుకున్నారు, నేను చూడలేదనుకోకండి. అందుకేగా మెల్లిగా చెప్పుకొచ్చాను!