చప్పుడు లేని ఇంజను

నెల్లూరులో బొమ్మ విమానాల సామాన్లు అమ్మే కొట్టది. తోటపల్లి గూడూరు నుంచి వచ్చిన రొయ్యల రైతుకు యాభై దాటాయి. గోనెసంచిలోంచి తన బొమ్మ యుద్ధ విమానాన్ని బయటికి తీయడానికే మొహమాటపడ్డాడు.

“మోటారు ఉప్పునీళ్లలో పడి చెడిపోయింది భాయ్. చప్పుడు లేని ఇంజను ఇంకోటి కావాల.”

“యుద్ధ విమానమన్నా ఇది! పెట్రోలు ఇంజను పెట్టు, ఊరంతా వినపడతాది. ఇంతకీ నీకెందుకిది?”

“చెరువు మీద నీటికాకుల్ని తోలేదానికి. రొయ్యల్ని ముక్కున కరుచుకొని పోతా వుండాయి.”

“పిట్టలు బెదరాల, చప్పుడు మాత్రం రాకూడదు. ఇదేం లెక్కన్నా?”

రైతు మాట మార్చాడు.

“బ్యాటరీది చూపించు. పల్టీ కొడతాదా?”

“కొడతాది. నీటికాకులకి పల్టీలు గూడా చూపిస్తావా?”

“నవ్వబాక భాయ్. పిట్టలకని ఇంట్లో చెప్పినా. నిజానికి నాకే సరదా. చప్పుడైతే పక్క చెరువులోళ్లొచ్చి చూస్తారు. ఈ వయసులో ఏం బాగుంటాది?”

“సరదా అందరికీ ఉంటాదిలే. పిట్టలు వాలకుండా చెరువు మీద దారాలు కట్టుంటావుగా?”

“విమానం చిక్కుకుంటా వుందని తెంపేసినా.”

“మరి వాటినెవురు తోలతా వుండారు?”

“మా ఆమె. గట్టు మీద నిలబడి రేకుడబ్బా కొడతాది. విమానానికి గట్టి చప్పుడొచ్చే ఇంజను తెమ్మని ఆమే పంపించింది.”

కొట్టాయన చేతిలోని బ్యాటరీ మోటారును బల్ల మీద పెట్టేశాడు.

“ఈ ఎండలోనా? మరి నువ్వెక్కడుంటావు?”

రైతు తల వంచుకుని సంచి మూతి సర్దసాగాడు.

“షెడ్డు నీడలో భాయ్. ఎండలో నిలబడితే కళ్లు చెదిరి విమానం కనపడదు.”